కొమ్మను నమ్ముకున్న ప్రాణి

1927 ఆగస్టు ఒకటో తేదీన ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం కోలాల వేటకు గేట్లెత్తేసింది. నెల రోజుల గడువు. కరువుకు పల్లెలు ఎండిపోయి, పనుల్లేక కూర్చున్న జనానికి తోళ్ళ వ్యాపారమైనా నాలుగు డబ్బులు తెచ్చిపెడుతుందని సర్కారు ఆలోచన. దాదాపు పదివేల మంది లైసెన్సులు తీసుకుని అడవుల్లోకి దిగారు. తుపాకులున్నవాళ్ళు తుపాకులతో వెళ్ళారు, లేనివాళ్ళు ఉచ్చులతో, ఇంకొందరు సయనైడ్‌తో. నెల తిరిగేసరికి దాదాపు 6 లక్షల కోలాల తోళ్ళు మూటలకెక్కాయి.

ఆ వేటకు నేర్పేమీ అక్కర్లేదు. కోలా పారిపోదు. కింద అలికిడైతే ఇంకాస్త పైకి పాకుతుంది. కొమ్మ పంగలో ఒదిగి, చప్పుడు చేయకుండా, కిందికి చూస్తూ కూర్చుంటుంది. నేల మీద తిరిగే శత్రువుల నుంచి యుగయుగాలుగా దాన్ని కాపాడిన ఉపాయం అదే. తుపాకీ పట్టినవాడికి అంతకన్నా తేలికైన గురి దొరకదు. తల్లిని కొడితే వీపున కరుచుకున్న పిల్ల కూడా తల్లితోపాటే నేలకు రాలేది.

ఆ నెలకు ఆస్ట్రేలియా చరిత్రలో నల్ల ఆగస్టు అని పేరు పడిపోయింది. అది మొదటి వేట కూడా కాదు. 1919లో ఇదే రాష్ట్రంలో ఆరు నెలల్లో దాదాపు 10 లక్షల కోలాలను చంపారు. అంతకుముందు కొన్ని దశాబ్దాలుగా దక్షిణ రాష్ట్రాల్లోనూ ఇదే తంతు. మెత్తటి, దట్టమైన, నీళ్ళు అంటని ఆ బొచ్చుతో చలిదేశాల వాళ్ళు కోట్లూ టోపీలూ కుట్టించుకున్నారు. దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రంలో కోలా దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. విక్టోరియాలో వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని చోట్ల మాత్రం మిగిలింది.

అయితే 1927లో ఒక సంగతి జరిగింది. జనం తిరగబడ్డారు. బ్రిస్బేన్ ఆర్చ్‌బిషప్ మొదలు బడిపిల్లల తల్లిదండ్రుల దాకా పత్రికలకు ఉత్తరాలు రాశారు. ఏ పాపం ఎరుగని ఈ మూగజీవిని చంపి తోలు ఒలవడానికి మీకు మనసెలా వచ్చిందని నిలదీశారు. ఆ ఏడాదే బ్రిస్బేన్ శివారులో, లోన్ పైన్ అన్న చోట, జాక్, జిల్ అనే రెండు కోలాలతో ఒక ఆశ్రయం మొదలైంది. ఆ ఆగస్టు తర్వాత క్వీన్స్‌లాండ్‌లో మళ్ళీ కోలా వేటకు అనుమతి రాలేదు. ఆరేళ్ళకు, 1933లో, డొరొతీ వాల్ రాసిన బ్లింకీ బిల్ అనే పిల్లల పుస్తకం వచ్చింది. అందులో కోలాపిల్ల తండ్రి మనిషి తుపాకీకే బలవుతాడు. ఆ పుస్తకం చదువుతూ ఒక తరం పిల్లలు పెరిగారు. 1971లో కోలా క్వీన్స్‌లాండ్ అధికారిక జంతు చిహ్నమైంది. తపాలా బిళ్ళల మీద, విమానాశ్రయాల్లో అమ్మే బొమ్మల మీద ఎక్కడ చూసినా అదే. 2014లో బ్రిస్బేన్‌లో జీ20 సమావేశాలు జరిగినప్పుడు దేశాధినేతలు సైతం వరసగా కోలాను ఎత్తుకుని ఫొటోలు దిగారు.

2022 ఫిబ్రవరిలో అదే క్వీన్స్‌లాండ్‌లో, న్యూ సౌత్ వేల్స్‌లో, రాజధాని కాన్‌బెర్రా ఉన్న ప్రాంతంలో కోలాను అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జీవిగా ఆస్ట్రేలియా ప్రభుత్వం ప్రకటించింది. అంతకు పదేళ్ళ ముందు, 2012లో, హాని పొంచి ఉన్న జీవిగా ప్రకటించారు. పదేళ్ళలో ఒక మెట్టు కిందికి దిగింది. ప్రభుత్వ నిపుణుల కమిటీ అంచనా ప్రకారం 2001లో ఆ మూడు ప్రాంతాల్లో కలిపి 1,85,000 కోలాలుంటే, 2021 నాటికి 92,000 మిగిలాయి. తర్వాత కొత్త పద్ధతుల్లో చేసిన లెక్కల్లో సంఖ్యలు పెద్దవిగా వచ్చాయి. వెతికే సాధనాలు మెరుగైతే కనపడేవి పెరుగుతాయి. చెట్లు మాత్రం పెరగలేదు.

ఈ వందేళ్ళ కథలో నన్ను పట్టి కుదిపేది ఇదే. అసహ్యించుకునే రోజుల్లో కాదు, ఇంత ప్రేమించే రోజుల్లో కోలా చచ్చిపోతోంది. తుపాకీని ఆపగలిగిన దేశం, ఒక్క నెల వేటకు వందేళ్ళుగా సిగ్గుపడుతున్న దేశం, ఆ తర్వాత జరిగినదాన్ని ఆపలేకపోయింది. ఎందుకంటే 1927లో తోళ్ళున్నాయి. మూటలున్నాయి, ఓడలున్నాయి, తోలుకింత అని రాసిన చిట్టాలున్నాయి. హత్య కళ్ళకు కనపడింది. ఆ తర్వాతి చావులకు చిట్టా లేదు. ఒక వెంచరుకు అనుమతి, ఒక రోడ్డు వెడల్పు, ఒక పశువుల బీడు, ఒక కలప కోత, ప్రతిదీ విడివిడిగా చట్టబద్ధమే. ఏ కాగితం మీదా కోలాను చంపుతున్నామని ఉండదు.

కోలా ఎవరో తెలియాలంటే ముందు దాని చెట్టు గురించి తెలియాలి. ఆ చెట్టు మనకు కొత్తది కాదు. ప్రకాశం జిల్లాలోనూ ఖమ్మం వైపూ రోడ్డు పక్కన వరసలు కట్టి కనిపించే జామాయిల్ తోటలు ఆస్ట్రేలియా నుంచి వచ్చినవే. నీలగిరి తైలం తీసేదీ ఆ జాతి ఆకుల నుంచే. జామాయిల్ తోటకు పశువుల భయంతో కంచె వేసే రైతు ఉండడు. ఆకులో అంత ఘాటు, అంత చేదు. కంచెలు దూకే మేకలు కూడా దాన్ని ముట్టవు. బలం తక్కువ, పీచు ఎక్కువ, పైగా విషం. చాలా జంతువులు వద్దనుకున్న ఆ ఆకునే కోలా తన కంచంలో పెట్టుకుంది. పెద్దగా పోటీ లేని బతుకు ఎంచుకుంది.

అందుకు దాని ఒళ్ళంతా మారింది. విషాన్ని విరిచే జన్యువులు దాని శరీరంలో ఎన్నో రెట్లు పెరిగి ఉన్నాయని 2018లో దాని జన్యుపటం పూర్తిగా చదివిన శాస్త్రవేత్తలు తేల్చారు. పెద్దపేగు మొదట్లో దాదాపు రెండు మీటర్ల పొడవైన తిత్తి ఒకటి ఉంటుంది. అందులోని సూక్ష్మజీవులు ఆకును రోజుల తరబడి పులియబెట్టి, ఉన్న కాస్త సారాన్నీ పిండుతాయి. ఆ సారం ఎంత తక్కువంటే, కోలా రోజులో పద్దెనిమిది నుంచి ఇరవై గంటలు కదలకుండా ఉండాలి. చూసేవాళ్ళు దాన్ని సోమరి అంటారు. అది సోమరితనం కాదు, పొదుపు. నీళ్ళు కూడా దాదాపు ఆకులోంచే తీసుకుంటుంది. ఆరేడు వందల యూకలిప్టస్ జాతుల్లో అది తినేవి కొన్ని డజన్లే. ఒక్కో ప్రాంతంలో అయితే నాలుగైదు. ఒకే జాతిలో కూడా ఈ చెట్టు ఆకు తిని, పక్క చెట్టు ఆకు ముక్కుతో వాసన చూసి వదిలేస్తుంది.

పిల్ల పుట్టుక చూస్తే మనసు కరుగుతుంది. ముప్పై అయిదు రోజులకే, చిక్కుడు గింజంత పరిమాణంలో, కళ్ళు తెరవకుండా, ఒంటిమీద వెంట్రుక లేకుండా పుడుతుంది. ఎవరూ చెయ్యి అందించకుండానే తల్లి పొట్ట మీది సంచిలోకి పాకి, చనుమొనను పట్టుకుంటుంది. ఆరు నెలలు అందులోనే. బయటికి వచ్చే ముందు తల్లి దానికి పాలు కాని మరొకటి పెడుతుంది. తన పేగుల్లోంచి వచ్చే మెత్తని పదార్థం. పిల్ల మూతి పెట్టి దాన్ని తింటుంది. అందులో తల్లి కడుపులోని సూక్ష్మజీవులుంటాయి. అవి చేరితేనే పిల్లకు ఆ చేదు ఆకు అరుగుతుంది. అలా తల్లి నుంచి పిల్లకు, ఆ పిల్ల నుంచి దాని పిల్లకు, అడవిని తినే విద్య చేతులు మారుతూ వచ్చింది. ఈ వంశంలో ఒకప్పుడు చాలా జాతులుండేవి. రెండున్నర కోట్ల ఏళ్ళ నాటి శిలాజాలు దొరికాయి. ఆ కుటుంబంలో ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే.

తెల్లవాళ్ళు దీన్ని మొదట ఎలా ఎరిగారో చూడండి. 1798లో బ్లూ మౌంటెన్స్ వైపు వెళ్ళిన బృందంలో జాన్ ప్రైస్ అనే యువకుడు దీని ప్రస్తావన రాశాడు. 1802లో ఫ్రాన్సిస్ బరాలియే అనే సైనికాధికారికి ఆదివాసుల దగ్గర ఒక కోలా పాదాలు దొరికాయి. వాటిని బ్రాందీ సీసాలో వేసి గవర్నర్ కింగ్‌కు పంపించాడు. కోలా అనే ప్రాణి ఆ కొత్త రాజ్యానికి తొలిసారి అలా చేరింది. కొమ్మను పట్టుకోవడానికి పుట్టిన పాదాలు, సీసాలో.

ఆదివాసులకు మాత్రం అది ఎప్పటినుంచో తెలుసు. ఆగ్నేయ ఆస్ట్రేలియాలో చెప్పుకునే కథ ఒకటుంది. కూబర్ అనే అనాథ పిల్లవాణ్ణి చుట్టాలు సరిగా చూసేవారు కాదు. యూకలిప్టస్ ఆకులు తిని బతకడం నేర్చుకున్నాడు గానీ, దాహానికి నీళ్ళు పెట్టేవాళ్ళు లేరు. ఒకరోజు అందరూ వేటకు పోతూ నీళ్ళ పాత్రలు దాచడం మరిచిపోయారు. కూబర్ కడుపునిండా తాగి, ఆ పాత్రలన్నీ ఒక చిన్న చెట్టుకు తగిలించి, తానూ ఎక్కి, మంత్రం పాడాడు. చెట్టు అడవిలోకెల్లా ఎత్తుగా పెరిగింది. తిరిగొచ్చినవాళ్ళు నీళ్ళ కోసం అతణ్ణి కిందికి లాగి చావగొట్టారు. చితికిన ఆ శరీరమే కోలా అయ్యి, పక్క చెట్టెక్కి కూర్చుంది. అప్పుడు కోలా ఒక కట్టుబాటు పెట్టింది. ఆకలైతే నన్ను చంపి తినండి. కానీ వండకముందు నా తోలు ఒలవకండి, నా ఎముకలు విరవకండి. ఆ మాట తప్పితే నీళ్ళన్నీ ఎండిపోయేంత కరువు తెస్తాను.

తోళ్ళ మూటల లెక్కలు చదువుతున్నప్పుడు నాకు ఈ కథ గుర్తుకు రాకుండా ఉండదు. కట్టుబాటు ఆహారానికి అడ్డు చెప్పలేదు. వ్యాపారానికే అడ్డు చెప్పింది.

వేట ఆగాక చెట్ల వంతు వచ్చింది. నిజానికి అది ముందునుంచీ నడుస్తూనే ఉంది. కోలాకు మంచి ఆకు దొరికేది సారవంతమైన నేలలో, ఏటి ఒడ్డున, తీర మైదానాల్లో. మనిషికి మంచి పొలం, మంచి ఊరు కావలసిందీ అక్కడే. క్వీన్స్‌లాండ్‌లో అడవి ఎక్కువగా పోయింది పశువుల బీళ్ళ కోసం. తీరం వెంట ఇళ్ళ కోసం. బ్రిస్బేన్‌కు దక్షిణాన, తూర్పున రెడ్‌లాండ్, లోగన్ వైపున్న ప్రాంతానికి కోలా తీరమనే పేరుంది. 1996, 2014 మధ్య అక్కడి కోలాలు నూటికి 80 వంతులు తగ్గిపోయాయి. పేరు బోర్డుల మీద మిగిలింది.

చెట్లు పోతే కోలాలు అడవి లోపలికి పోవచ్చు కదా అంటారు. పోలేవు. ప్రతి కోలాకు తన చెట్లున్నాయి. వాసనతో గుర్తు పెట్టుకుంటుంది. ఏళ్ళ తరబడి వాటి మధ్యే తిరుగుతుంది. పక్క చెట్లు పక్క కోలావి. తన చెట్టు కొట్టేసినా, ఆ చెట్టున్న చోటికి మళ్ళీ వస్తుంది. ఈ చెట్టు దిగి ఆ చెట్టెక్కడానికి మధ్యలో ఇప్పుడు కంచె ఉంది, కుక్క ఉంది, రోడ్డుంది. నేల మీద కోలా నడక చూసినవాళ్ళకు తెలుస్తుంది ఎంత అసహాయమైన నడకో. చెట్టు మీద అంత ఒడుపుగా పట్టే చేతులు, ఒక్కో ముందుకాలికి రెండేసి బొటనవేళ్ళున్న చేతులు, తారు మీద దేన్నీ పట్టుకోలేవు. జతకట్టే రోజుల్లో, రెండు మూడేళ్ళ వయసున్న మగవి తల్లి చోటు విడిచి సొంత చెట్లు వెతుక్కుంటూ బయల్దేరతాయి. రాత్రిపూట. వాహనాల కింద పడేవాటిలో ఎక్కువ అవే.

సిడ్నీకి నైరుతిన కాంబెల్‌టౌన్ దగ్గరున్న కోలాలు క్లమిడియా అనే జబ్బు దాదాపు సోకని అరుదైన గుంపు. పెరుగుతున్న గుంపు కూడా. అటు నదికీ ఇటు నదికీ మధ్య వాటి దారులున్నాయి. ఆ దారులకు అడ్డంగా ఆప్పిన్ రోడ్డుంది. చుట్టూ వేల ఇళ్ళ కాలనీలు లేస్తున్నాయి. ఆస్ట్రేలియా నగరాల కొత్త శివార్లలో ఇళ్ళు కొనుక్కుంటున్నవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఇల్లు కావాలనుకోవడం ఎవరికీ తప్పు కాదు. కానీ ఆ కాలనీ నక్షాలో కోలా దారికి వదిలిన వెడల్పు ఎంత, రోడ్డు కింద దానికి సొరంగం తవ్వారా లేదా అని అడిగే హక్కు కొనుక్కునేవాడికి ఉంది. అడగాలి.

ఇక జబ్బు. కోలాల్లో క్లమిడియా కళ్ళకు పట్టి, కళ్ళకలకగా మొదలై గుడ్డితనం దాకా పోతుంది. మూత్రాశయానికి పట్టి మంట, నొప్పి, తడి ఆరని వెనకభాగం. ఆడవాటిలో గర్భసంచికి పాకి, బతికున్నా మళ్ళీ తల్లి కాకుండా చేస్తుంది. కొన్ని గుంపుల్లో సగానికి పైగా దీని బారిన పడ్డాయి. దీనికి తోడు కోలాల జన్యువుల్లోకే చొరబడిన ఒక రెట్రోవైరస్ ఉంది. అది రోగనిరోధక శక్తిని నమిలేస్తుంది. చెట్లు చాలక, ఆకు చాలక, భయంతో నీరసించిన ఒంటిని ఇలాంటి జబ్బులు తొందరగా పడగొడతాయి.

మందు లేక కాదు. యాంటీబయాటిక్స్ ఉన్నాయి. అవి క్లమిడియాను చంపుతాయి. దానితోపాటు తల్లి పెట్టిన ఆ సూక్ష్మజీవులను కూడా చంపేస్తాయి. జబ్బు నయమైన కోలా ఎదురుగా లేత ఆకులు పెట్టుకుని, తిన్నది అరగక, ఆకలితో చచ్చిపోయిన సందర్భాలున్నాయి. పోర్ట్ మాక్వారీ అనే ఊళ్ళో 1973 నుంచి కోలాలకే ప్రత్యేకంగా ఒక ఆసుపత్రి నడుస్తోంది. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు రోజూ తెల్లవారకముందే ఆకుల కోసం బయల్దేరి, ఏ రోగికి ఏ చెట్టు కొమ్మ నచ్చుతుందో గుర్తుపెట్టుకుని మరీ కోసుకొస్తారు. ఆ సేవ ముందు చేతులు జోడించాలనిపిస్తుంది.

ఎండ సంగతి గనెడా చెబుతుంది. న్యూ సౌత్ వేల్స్ లోపలి భాగంలో ఉన్న ఆ ఊరు తనను కోలాల ప్రపంచ రాజధానిగా చెప్పుకునేది. 1990ల్లో రైతులు నేలలో ఉప్పు పేరుకోకుండా చెట్లు నాటారు. ఆ చెట్లెక్కి కోలాలు పెరిగాయి. నాటితే వస్తాయని రుజువు చేసిన ఊరది. 2009 చివర్లో వడగాడ్పులు కొట్టాయి. దాదాపు పావువంతు కోలాలు ఆ ఎండలకే పోయాయి. తర్వాత జబ్బు, మళ్ళీ కరువు. ఇప్పుడక్కడ కోలా కనపడటమే అరుదైపోయింది. వేడెక్కువైతే కోలా చెట్టు మొదలును పొట్టకు హత్తుకుని, కాళ్ళూ చేతులూ వేలాడేసి పడుకుంటుంది. మాను గాలికన్నా చల్లగా ఉంటుంది. ఒంట్లో వేడిని దానికి ఇచ్చేస్తుంది. ఫొటోల్లో ముద్దుగా కనిపించే ఆ కౌగిలి నిజానికి ప్రాణం కాపాడుకునే ప్రయత్నం. ఆకులో తేమ తగ్గితే కౌగిలి కూడా కాపాడదు. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగేకొద్దీ ఆకులో పోషకం తగ్గి విషం పాలు పెరుగుతుంది. నీళ్ళు తాగదని పేరున్న ప్రాణి చెట్టు దిగి తొట్ల దగ్గరికి రావడం మొదలుపెట్టింది. గనెడాలో సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్ళు చెట్ల మీద నీళ్ళ తొట్లు పెట్టి చూస్తే, కోలాలు రాత్రిళ్ళు వచ్చి నిమిషాల తరబడి తాగాయి.

2009 ఫిబ్రవరి, విక్టోరియా కార్చిచ్చుల కాలం. కాళ్ళు కాలిన ఒక ఆడకోలా, మంటలార్పే స్వచ్ఛంద కార్యకర్త చేతిలోని ప్లాస్టిక్ సీసాలోంచి నీళ్ళు తాగుతున్న ఫొటో లోకమంతా తిరిగింది. దాని చెయ్యి అతని చేతిలో ఉంది. దానికి శామ్ అని పేరు పెట్టారు. కాలిన గాయాలు మానాయి. ఆరు నెలల తర్వాత, ఆగస్టులో, క్లమిడియా వల్ల లోపల పెరిగిన గడ్డలకు ఆపరేషన్ మొదలుపెట్టి, ఇక లాభం లేదని తేలి, నిద్రలోనే సాగనంపారు. నిప్పు నుంచి కాపాడిన ప్రాణిని జబ్బు నుంచి కాపాడలేకపోయారు. శామ్ శరీరాన్ని మెల్బోర్న్ మ్యూజియంలో ఉంచారు.

ఆ తర్వాత 2019, 2020 మధ్య వేసవి. ఆస్ట్రేలియా తూర్పు తీరం నెలల తరబడి కాలింది. మంట వస్తే కంగారూ పరుగెత్తుతుంది, పక్షి ఎగురుతుంది, వోంబాట్ బొరియలో దూరుతుంది. కోలాకు తెలిసింది ఒక్కటే. పైకెక్కడం. చెట్టు కొసకెక్కి బంతిలా ముడుచుకుంటుంది. నేల మీద పాకే చిన్న మంటైతే ఆ ఉపాయం పనిచేసేది. కానీ ఆ ఏడాది మంటలు చెట్ల తలల మీద నుంచే పరుగెత్తాయి. యూకలిప్టస్ ఆకుల్లోని నూనె ఆవిరై గాలిలోనే అంటుకుంది. ఖాండవ దహనంలో జరిత అనే పక్షి పిల్లలు అగ్నిని వేడుకుంటే, అగ్ని వాటిని వదిలిపెట్టి చుట్టూ దాటిపోయిందని మన భారతం. ఆ మంటల్లోంచి బతికి బయటపడ్డ మయుడే పాండవులకు సభ కట్టాడు. అడవి కాలడం, మేడ లేవడం మనకూ పాత కథే. కోలాలకు స్తోత్రం రాదు. న్యూ సౌత్ వేల్స్‌లోనే కనీసం 5,000 కోలాలు పోయాయని రాష్ట్ర శాసనమండలి విచారణ సంఘం అంచనా. దేశం మొత్తం మీద 60,000కు పైగా కోలాలు చనిపోవడమో గాయపడటమో చెదిరిపోవడమో జరిగిందని ప్రపంచ వన్యప్రాణి నిధి వేయించిన అధ్యయనం చెప్పింది. దక్షిణాన ఉన్న కంగారూ దీవిలో దాదాపు 50,000 ఉండేవంటారు. మంటల తర్వాత పదివేలలోపే మిగిలాయి.

2020 జూన్‌లో ఆ విచారణ సంఘం నివేదిక ఇచ్చింది. ఇప్పుడే గట్టి చర్యలు తీసుకోకపోతే 2050లోపే న్యూ సౌత్ వేల్స్ అడవుల్లో కోలా ఉండదని అందులో తేల్చి చెప్పింది. మూడు నెలలు తిరగకుండానే, సెప్టెంబరులో, కోలా చెట్లను కాపాడే నిబంధనల మీద ప్రభుత్వంలోని భాగస్వామ్య పార్టీయే తిరగబడింది. ఆ పార్టీ నాయకుడు, ఉప ముఖ్యమంత్రి జాన్ బారిలారో, రైతుల భూమి హక్కులు పోతాయంటూ ప్రభుత్వం పక్షాన కూర్చోబోమని బెదిరించాడు. పత్రికలు దానికి కోలా యుద్ధాలని పేరు పెట్టాయి. రోజుల్లోనే మెత్తబడ్డారు, కానీ ఆ నిబంధనలు చివరికి పలచబడే వచ్చాయి. ఆ సెప్టెంబరుకు, కొమ్మలు కాలిన చెట్లకు ఇంకా చిగుళ్ళు పెట్టే పని పూర్తికాలేదు.

దక్షిణాన ఇంకో విషాదం ఉంది. అక్కడ కోలాలు ఎక్కువే. తోళ్ళ వేట రోజుల్లోనే కొన్ని కోలాలను ఫ్రెంచ్ దీవి వంటి చోట్లకు చేర్చి కాపాడారు. 1920ల్లో వాటిలో కొన్నిటిని కంగారూ దీవికీ పంపారు. ఆ కొద్ది ప్రాణాల సంతతే తర్వాత విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియాల్లో నిండిపోయింది. దగ్గరి రక్తం కలిసీ కలిసీ జన్యువుల వైవిధ్యం సన్నబడింది. అడవి ముక్కలుముక్కలై ఉండటంతో ఉన్న చోటే గుంపులు పెరిగి, ఆకులన్నీ తినేసి, చెట్లు చచ్చి, తామూ ఆకలికి చిక్కుతున్నాయి. విక్టోరియాలోని కేప్ ఆట్వేలో 2013, 2014ల్లో అలా ఎముకల గూడైన దాదాపు 700 కోలాలకు అధికారులు మరణం ప్రసాదించాల్సి వచ్చింది. జనానికి ఆ సంగతి ఏడాది తర్వాత తెలిసింది. నైరుతి విక్టోరియాలో కాగితం గుజ్జు కోసం పెంచే బ్లూ గమ్ తోటల్లో కోలాలు కాపురం పెట్టాయి. కోతకొచ్చిన రోజు యంత్రాలు వస్తాయి. 2025లో బుజ్ బిమ్ జాతీయ ఉద్యానంలో కార్చిచ్చు తర్వాత తిండి లేక, కాలిన గాయాలతో మిగిలిన కోలాలను హెలికాప్టర్ల మీద నుంచి కాల్చారు. వాటిని చేరడానికి వేరే దారి లేదని ప్రభుత్వం చెప్పింది. ఒక చోట లేక, ఇంకో చోట ఎక్కువై కోలా చచ్చిపోతోంది. రెండింటికీ కారణం ఒకటే, తెగిపోయిన అడవి.

మంచి వార్తలు లేకపోలేదు. సన్‌షైన్ కోస్ట్ విశ్వవిద్యాలయంలో పదేళ్ళకు పైగా శ్రమించి తయారుచేసిన క్లమిడియా టీకాకు 2025 సెప్టెంబరులో అనుమతి వచ్చింది. ఒక్క మోతాదు చాలు. యాంటీబయాటిక్‌లా కడుపులోని సూక్ష్మజీవుల జోలికి పోదు. అదే నెలలో న్యూ సౌత్ వేల్స్ ఉత్తర తీరంలో మహా కోలా జాతీయ ఉద్యానం హద్దులు ప్రకటించారు. 1,76,000 హెక్టార్ల ప్రభుత్వ అడవిని పాత పార్కులకు కలుపుతామని చెప్పి, అక్కడ కలప కోత ఆపేశారు. పన్నెండు వేలకు పైగా కోలాలు ఆ హద్దుల్లో ఉన్నాయని అంచనా. ఏళ్ళ తరబడి రోడ్ల మీద కూర్చుని, లారీలకు అడ్డం పడుకుని, కోర్టులకు తిరిగిన జనం లేకపోతే ఆ హద్దులు ఇంత దూరం వచ్చేవి కావు. అయితే ఆ వాగ్దానం 2023 ఎన్నికల్లోనే చేసినది. మధ్యలో గడిచిన రెండున్నరేళ్ళు, కొన్ని ముఖ్యమైన చోట్లు మినహా, ఆ అడవుల్లో కోత సాగుతూనే వచ్చింది.

టీకా వేయాలంటే ఒక్కో కోలానూ చెట్టెక్కి పట్టుకోవాలి. టీకా వేసుకున్న కోలాకు తిరిగి ఎక్కడానికి చెట్టుండాలి. నాటే పని ఇప్పుడు చాలాచోట్ల జరుగుతోంది. గనెడాలో లాగే బడిపిల్లలు, రైతులు, కొత్త కాలనీలవాళ్ళు నాటుతున్నారు. మొక్క కోలా బరువును మోసే చెట్టవడానికి, వేసవి మధ్యాహ్నం దానికి నీడనివ్వడానికి ఏళ్ళు పడుతుంది. కోలాల్లో తరానికి ఆరేడేళ్ళు. 2050కి ఇంక నాలుగు తరాలు.